రీజనరేటివ్ బ్రేకింగ్: కనుమ రైలు నుండి నారాయణఖేడ్ రహదారి వరకు

వేగాన్ని తగ్గించేటప్పుడు మోటారే జనరేటరుగా మారి, చక్రాల చలనశక్తిని విద్యుత్తుగా తిరిగి ఇచ్చే పద్ధతి రీజనరేటివ్ బ్రేకింగ్. ఇది ఇటీవలి కార్లతోనే వచ్చిందన్న భావన వ్యాప్తిలో ఉన్నా, భారతదేశంలో దీని చరిత్ర సుమారు శతాబ్ద కాలానిది. 1928లో గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే ప్రవేశపెట్టిన డబ్ల్యూసీజీ-1 ఇంజన్లు బోర్ ఘాట్‌లో 37కు 1 వాలున దిగుతూ 1500 వోల్టుల తీగలోకి విద్యుత్తును పంపేవి. ఈ పద్ధతికి గల రెండు పరిమితులు రైలుమార్గంలోనే స్పష్టమైనాయి. తిరిగివచ్చే విద్యుత్తును స్వీకరించడానికి ఎగువకు ఎక్కే మరో రైలో, తగిన సబ్‌స్టేషనో ఉండాలి. చక్రం పట్టాపై పట్టు కోల్పోరాదు. తడి పట్టాలపై ఇసుక చల్లడం అందుకే.

దక్కనులో రోడ్డు రవాణా మరో దారిన సాగింది. నిజాం రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులతో ప్రారంభించిన సేవకు వారసురాలైన ఆర్టీసీ, 2019లో హైదరాబాదులో 40 విద్యుత్ బస్సులను ప్రవేశపెట్టింది. పాత పరిమితులు రెండూ కొత్త రూపంలో రోడ్డెక్కాయి.

చలికాలపు డ్రైవింగ్ సూచనలు నార్వే, కెనడా వంటి దేశాల హిమాన్ని దృష్టిలో ఉంచుకొని వ్రాసినవి. నారాయణఖేడ్‌లో హిమపాతం లేదు. కానీ నల్లరేగడి చేల నుండి ట్రాక్టర్ల చక్రాలు తెచ్చి వదిలిన మట్టి, తెల్లవారుజాము మంచుకు తడిసి తారురోడ్డుపై జిగటపొరగా మారుతుంది. ఈ పొరను విస్మరించి, మంచు దేశాల సమస్యగా దీనిని కొట్టివేయడం సరికాదు.

మామూలు బ్రేకు అన్ని చక్రాలపై పనిచేస్తుంది; మోటారు బ్రేకు మోటారు తిప్పే చక్రాలపై మాత్రమే. యాక్సిలరేటరు నుండి కాలు ఒక్కసారిగా తీస్తే చాలు, వెనుక మోటారు గల వాహనం వెనుకభాగం పక్కకు జారవచ్చు. ముందు మోటారైతే స్టీరింగు మాట వినదు. ఏబీఎస్ ఉన్న వాహనం జారుడును గుర్తించి మోటారు బ్రేకును తగ్గించి, పని మామూలు బ్రేకుకు అప్పగిస్తుంది. ఆ క్షణంలో బండి వదిలేసినట్లనిపిస్తుంది. పల్లె రోడ్లపై తిరిగే విద్యుత్ ఆటోలలో, స్కూటర్లలో చాలావాటికి ఏబీఎస్ లేదు. అసలు చిక్కు అక్కడే.

స్వీకర్త లేని విద్యుత్తు సమస్య కూడా తొలగలేదు. రాత్రంతా ఛార్జి చేసిన బ్యాటరీ ఉదయం నిండుగా ఉంటుంది. చలికి దాని స్వీకారశక్తి మరికొంత తగ్గుతుంది. కనుక తొలి కిలోమీటర్లలో మోటారు బ్రేకు బలహీనంగా ఉండి, మధ్యాహ్నానికి గట్టిపడుతుంది. నిన్నటి సాయంత్రపు పట్టును నమ్మి మలుపులోకి దిగిన డ్రైవరుకు మామూలు బ్రేకే దిక్కు. రీజన్ స్థాయిని మార్చే సదుపాయమున్న వాహనాలలో దానిని ముందే తగ్గించుకొని, మట్టిపొర చేరకముందే వేగం తగ్గించడం మేలు.