ఎవరి గుట్టు, ఎవరి చేతిలో?

విశాఖ నౌకాదళ స్థావరం ప్రహరీ దగ్గర ఫోను పైకెత్తి ఫొటో తీయబోతే కాపలావాడు కేకేస్తాడు. అదే నగరం వాయవ్యపు కొసన, పెందుర్తి కూడలిలో, ఎవరిదో ఆధార్ నకలు జిరాక్సు కొట్టు బల్ల మీద పడి ఉంటే పట్టించుకునే నాథుడుండడు. సర్కారు గుట్టుకున్న కాపలా పౌరుడి గుట్టుకు లేదు. ఈ తేడా నిన్నమొన్నటిది కాదు. దాన్ని సరిదిద్దే ప్రయత్నంలో తెలుగు న్యాయమూర్తుల వాటా పెద్దది.

మనసులో మాట బయటపెట్టమని ఎవరినీ బలవంతం చేయరాదన్న నియమం 1872 నాటి సాక్ష్య చట్టంలోనే కొంత ఉంది. భార్యాభర్తలు తమలో తాము చెప్పుకున్నవీ, కక్షిదారు తన వకీలుతో చెప్పుకున్నవీ కోర్టులో వెల్లడించమని అడగకూడదని అది చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టమూ దాన్ని నిలుపుకుంది. తెల్లదొరల అసలు భయం మాత్రం తమ కాగితాల గురించే. అధికార రహస్యాల మీద 1889లో చట్టం చేశారు, వైస్రాయి కర్జన్ కాలంలో 1904లో దాన్ని బిగించారు, 1923లో తిరగరాశారు. స్వతంత్రం వచ్చాక కూడా ఆ 1923 చట్టమే మనల్ని ఏలుతోంది.

పౌరుడి వైపు నుంచి ప్రశ్న 1962లో లేచింది. ఉత్తరప్రదేశ్‌లో దోపిడీ కేసు నుంచి సాక్ష్యం లేక బయటపడిన ఖరక్ సింగ్ ఇంటికి పోలీసులు అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టేవారు. ఆ రాత్రి తనిఖీలు చెల్లవని చెప్పిన సుప్రీంకోర్టే, గోప్యత అనే హక్కు మాత్రం రాజ్యాంగంలో లేదంది. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ జె.సి.షాతో కలిసి విభేదించారు. వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత ఒక భాగమని ఆయన రాసింది ఆ రోజుకు ఓడిన అభిప్రాయం.

ఆ ఓడిన అభిప్రాయానికి తర్వాత హైదరాబాదులో ఊతం దొరికింది. 1983లో ఒక దాంపత్య వివాదంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ.చౌదరి, ఇష్టంలేని భార్యను కాపురానికి పంపే చట్ట నిబంధన ఆమె గోప్యతకు భంగమని కొట్టేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు దాంతో విభేదించినా, చర్చ ఆగలేదు. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపు చట్టాన్ని సవరించి, బ్యాంకుల్లోని ఖాతాదారుల పత్రాలను తనిఖీ చేసి తీసుకుపోయే అధికారాన్ని అధికారులకు ఇచ్చింది. ఆ అధికారం చెల్లదని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. కాగితం బ్యాంకు బీరువాలోకి చేరినంత మాత్రాన దాని మీద ఖాతాదారుడి గోప్యత పోదని స్పష్టం చేసింది.

మరుసటి ఏడు, 2005 అక్టోబరు 12న, సమాచార హక్కు చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది. అధికార రహస్యాల చట్టం కన్నా తనదే పైచేయి అని రాసుకున్న చట్టమిది. దీంతో గుట్టు విప్పాల్సిన వంతు సర్కారుకు వచ్చింది.

కానీ సర్కారు విప్పింది తన గుట్టు కాదు, జనం గుట్టు. 2017 మే నెలలో బెంగళూరు సంస్థ సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక వేసింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో కలిపి దాదాపు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు బయటపడి ఉన్నాయని అందులో చెప్పింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే: ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమా పథకానిది మరొకటి. ఏ దొంగా తాళం పగలగొట్టలేదు, తలుపే వేయలేదు.

అదే ఏడాది ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. ఈ ప్రశ్నను 2015లో పెద్ద ధర్మాసనానికి పంపిన బెంచికి నాయకత్వం వహించిన కృష్ణా జిల్లా వాసి జస్టిస్ చలమేశ్వర్, ఈ తీర్పులోనూ విడిగా తన అభిప్రాయం రాశారు. సుబ్బారావు మాట యాభై అయిదేళ్లకు గెలిచింది.

తర్వాతి మూడేళ్లలో విశాఖ రెండు రకాల గుట్టునూ చూసింది. 2019 డిసెంబరులో 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' పేరిట ఏడుగురు నౌకాదళ సిబ్బందినీ, ఒక హవాలా వ్యాపారినీ అరెస్టు చేశారు. ఫేస్‌బుక్ స్నేహాల వలలో పడి పాకిస్తాన్‌కు ఉప్పందించారన్నది ఆరోపణ. వెంటనే స్థావరాల్లో ఫేస్‌బుక్, స్మార్ట్‌ఫోన్లు నిషేధమయ్యాయి. ఇక 2020 మే 7 తెల్లవారుజామున, పెందుర్తి రోడ్డులోని గోపాలపట్నం దగ్గర వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్ల మీద పడి 12 మంది చనిపోయారు. హెచ్చరిక సైరన్ మోగలేదు. సరైన పర్యావరణ అనుమతి లేకుండానే ఫ్యాక్టరీ నడిచిందని కంపెనీయే 2019లో అఫిడవిట్‌లో ఒప్పుకున్న సంగతి, ప్రమాదం జరిగాకే జనానికి తెలిసింది. ఒకచోట చెప్పకూడనిది చెప్పారన్న కేసు, మరోచోట చెప్పి తీరాల్సింది చెప్పని నేరం.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమాచారం కాపాడలేని సంస్థకు రూ.250 కోట్ల దాకా జరిమానా పెట్టింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీల బాధ్యతల్లో ముఖ్యమైనవాటికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. వ్యక్తిగత సమాచారం పేరిట సమాచార హక్కును కుదించే సవరణ మాత్రం వెంటనే అమలైంది. అధికారి గురించి అడిగితే 'వ్యక్తిగతం' అని తిప్పికొట్టే వీలు దీంతో పెరిగింది.

చరిత్ర చెప్పే తీర్పు ఇదే: చట్టం పౌరుడికి హక్కు ఇచ్చింది గానీ, తాళంచెవి ఇంకా సర్కారు చేతిలోనే ఉంచింది. కాబట్టి ఆధార్ నకలు ఇవ్వాల్సివస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. మీ ఊరి పక్క ఫ్యాక్టరీ ట్యాంకుల్లో ఏముందో తెలుసుకోవాలంటే పదిరూపాయల రుసుముతో సర్కారుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మొదటిది దాచుకోవడం మీ హక్కు, రెండోది చెప్పడం సర్కారు బాధ్యత.