కాశీకి పదిహేను నెలలు, ఉదయగిరికి రెండు రోజులు

మొన్న ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు అరగంట ఆలస్యమైందని మా అమ్మాయి తెగ విసుక్కుంది. నాకేమో మా జేజి గుర్తొచ్చింది.

జేజి పుట్టిల్లు ఉదయగిరి, అత్తగారిల్లు ఆత్మకూరు. ఆ రోజుల్లో ఎద్దుల బండిలో రెండు రోజుల దారి. బండి గంటకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించి సాగదు. ఎండెక్కితే ఎద్దుల్ని విప్పి చెట్టు కింద ఆగాల్సిందే. రాత్రికి దారిలో ఎవరి అరుగు మీదో పడక.

మన ఉదయగిరి దేవుడికీ ప్రయాణం తప్పలేదండీ. కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి వేసి 1514లో కోట పట్టుకున్నాక, ఇక్కడి బాలకృష్ణుణ్ణి విజయనగరానికి తీసుకుపోయి 1515లో గుడిలో నిలిపాడు. రైలూ లారీ లేని కాలంలో, అంత రాతి విగ్రహాన్ని, అన్ని కొండలు దాటించి! ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది.

బీయేలో మాకు ఏనుగుల వీరాస్వామి గారి కాశీయాత్ర గురించి చెప్పారు. 1830 మే 18న పరివారంతో చెన్నపట్నంలో బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరారాయన. పదిహేను నెలల పైమాటే! వచ్చేటప్పుడు మన నెల్లూరు మీదుగానే వెళ్ళారు. ఇప్పుడు చెన్నై నుంచి కాశీకి రైల్లో రెండు రోజులు కూడా పట్టదు. పల్లకీ, బోయీలు, వెంట జనం ఉన్న ఆయనకే అన్నాళ్ళు పడితే, కాలినడకన పోయేవాళ్ళ సంగతేమిటి? కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అని ఊరికే అన్నారా!

దారిలో ఉన్నవాళ్ళ కష్టం పుస్తకాల్లోకి ఎక్కింది. ఇంట్లో కాచుకున్న ఆడవాళ్ళ సంగతి ఎవరు రాశారు?

జేజి వాళ్ళమ్మకు జబ్బు చేసిందని ఉదయగిరి నుంచి మనిషి నడిచి వచ్చి చెప్పాడట. అప్పటికప్పుడు బండి కట్టించుకుని, చంటిబిడ్డను ఒళ్ళో వేసుకుని బయల్దేరింది. ఊరి పొలిమేరలో ఎదురైనవాళ్ళు ఆమె మొహం చూసి తల దించుకున్నారట. నిన్ననే అంతా అయిపోయింది.

ఈ మాట చెప్పేటప్పుడు జేజి ఏడ్చేది కాదు. "ఎద్దుల్ని కూడా తిట్టలేదమ్మా, పాపం, అవి నడిచినంతే నడిచాయి" అనేది.

బస్సులు వచ్చాక కూడా, ఉదయగిరికి ఎప్పుడు బయల్దేరినా రెండు పూటలకు సరిపడా సద్దిమూట కట్టుకునేది. మేం నవ్వేవాళ్ళం. మూట విప్పకుండానే దిగి, అక్కడి పిల్లలకు పెట్టేది.