గాజు ప్లేట్లలో నిలిచిన రేవు

విక్ రేవు పాత ఫొటోలు చేతికొస్తే వాటిలో నీళ్లెక్కడున్నాయో వెతుక్కోవాలి. పడవను ఆనుకుని పడవ, తెరచాప కొయ్య వెనక కొయ్య. ఇవతలి గట్టున పడవెక్కినవాడు కాలు తడవకుండా అవతలి గట్టున దిగొచ్చు. గట్టు మీద గోడల్లా పేర్చిన పీపాలు, వాటి మధ్య తలగుడ్డలు కట్టుకుని వంగి పనిచేస్తున్న ఆడవాళ్లు.

స్కాట్లండ్ ఈశాన్య కొసన, కేత్‌నెస్ సీమలో, ఉత్తర సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు విక్. జనాభా ఏడు వేలకు అటూ ఇటూ. అంత చిన్న ఊరు తన నూరేళ్ల ముఖాన్ని యాభై వేల ఫొటోల్లో దాచుకుంది. దాని వెనక చేపల కథ ఉంది, ఒక కుటుంబం ఓపిక ఉంది.

చేప కట్టిన ఊరు

విక్ పేరు పాత నార్స్ భాషది. అఖాతం అని అర్థం. ఊరు పాతదే గానీ దాని దశ తిరిగింది 19వ శతాబ్దం మొదట్లో. బ్రిటిష్ ఫిషరీస్ సొసైటీ అనే సంస్థ అక్కడి నదికి దక్షిణపు ఒడ్డున కొత్త రేవూ కొత్త పేటా కట్టించింది. ప్లాను గీసింది ఇంజనీరు థామస్ టెల్ఫర్డ్. ఆ పేటే పుల్ట్నీటౌన్. అంత ఖర్చు పెట్టింది హెర్రింగ్ చేప కోసం. ఇది మన కవళ్లకు దగ్గరి చుట్టమే. వేసవిలో గుంపులు గుంపులుగా తీరానికి వచ్చేది. 1860ల్లో సీజను వచ్చిందంటే వెయ్యికి పైగా పడవలు విక్ నుంచి వేటకెళ్లేవి.

హెర్రింగ్ నూనె చేప. ఒడ్డుకు చేరగానే కడుపు చీల్చి ఉప్పులో వేయకపోతే పాడైపోతుంది. ఈ పని ఆడవాళ్లది. ముగ్గురు ఒక జట్టు: ఇద్దరు పొట్టి కత్తితో చేప పేగులు లాగేవారు, మూడో ఆమె పీపాలో ఒక వరుస చేప, ఒక వరుస ఉప్పు పేర్చేది. కత్తి గాట్లలోకి ఉప్పు దిగకుండా పని మొదలెట్టే ముందే వేలు వేలుకీ గుడ్డ పీలికలు చుట్టుకునేవారు. ఫొటోలో ఆ చేతులు చూసి దెబ్బ తగిలిందనుకుంటాం. అది కట్టు కాదు, పనిముట్టు. ఆ పీపాలు జర్మనీకీ రష్యాకీ వెళ్లేవి.

ఈ సంపద వెనక ఉన్న చావుకు మాత్రం ఫొటో లేదు. 1848 ఆగస్టు 19 తెల్లవారుజామున తుఫాను విరుచుకుపడింది. పైకప్పు లేని పడవలు రేవులోకి రాలేక కళ్లెదుటే మునిగాయి. విక్ దగ్గరే 37 మంది పోయారు. తూర్పు తీరం మొత్తం మీద సుమారు వంద మంది. 'బ్లాక్ సాటర్‌డే' అని పేరుపడిన ఆ రోజు కాగితాల్లో, మాటల్లో మాత్రమే మిగిలింది. విక్‌లో కెమెరా స్థిరపడటానికి ఇంకా పదిహేనేళ్లు పట్టింది.

ముందుగా న్యూహేవెన్

అప్పటికే స్కాట్లండ్ తీరానికి కెమెరా వచ్చి ఉంది. ఫాక్స్ టాల్బట్ కనిపెట్టిన కాలోటైప్‌కి ఇంగ్లండులో పేటెంటు అడ్డం. స్కాట్లండులో అది చెల్లలేదు. టాల్బట్ స్నేహితుడు, శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ సెయింట్ ఆండ్రూస్‌లో ఉండటంతో ఆ విద్య ముందు ఆ తీరపట్టణంలోనే వేళ్లూనుకుంది. అక్కడివాడే యువకుడు రాబర్ట్ ఆడమ్‌సన్. 1843లో ఎడిన్‌బరోలో చిత్రకారుడు డేవిడ్ ఆక్టేవియస్ హిల్‌తో జత కట్టాడు. ఇద్దరూ పక్కనే ఉన్న న్యూహేవెన్ అనే జాలరిపేటకు వెళ్లి అక్కడి మనుషుల్ని ఫొటోలు తీశారు.

కాగితం నెగెటివ్ మీద బొమ్మ పడాలంటే మంచి ఎండలో కూడా కాసేపు కదలకుండా ఉండాలి. అందుకే ఆ ఫొటోల్లో సముద్రపు కెరటం లేదు. పడవ ఇసుకలోకి లాగి ఉంటుంది, జాలరి దానికి ఆనుకుని ఉంటాడు, చేపలమ్మే ఆవిడ బుట్టతో నిలబడి ఉంటుంది. 1848 జనవరిలో, ఇరవయ్యారేళ్లకే, ఆడమ్‌సన్ చనిపోవడంతో ఆ జంట పని ఆగిపోయింది.

ఆ ఫొటోల్లో తల వంచి నేలచూపు చూస్తున్న ఒక చేపలావిడ ఉంది. 1931లో జర్మన్ విమర్శకుడు వాల్టర్ బెన్యామిన్ ఆమె గురించి రాస్తూ, ఫొటోగ్రాఫర్ పనితనాన్ని మెచ్చుకున్నంత మాత్రాన సరిపోదనీ, ఆ బొమ్మలోంచి ఏదో ఆమె పేరేమిటని నిలదీస్తుందనీ అన్నాడు. ఇవాళ మ్యూజియంలు ఆమెను ఎలిజబెత్ జాన్‌స్టన్ హాల్‌గా చూపిస్తున్నాయి.

తర్వాతి తరం ఫొటోను సరుకు చేసింది. ఆబర్డీన్‌లో జార్జ్ వాషింగ్టన్ విల్సన్, డండీలో వాలెంటైన్ కంపెనీ తీరప్రాంతాల దృశ్యాలను వేలకు వేలు అచ్చు వేసి అమ్మారు. 1902లో కార్డు వెనక సగంలో చిరునామా, సగంలో ఉత్తరం రాసుకోవచ్చని తపాలా శాఖ ఒప్పుకోవడంతో పిక్చర్ పోస్టుకార్డు ఇల్లిల్లూ చేరింది. అయితే అవి ఎక్కువగా చూడవచ్చినవాళ్లు కొనే బొమ్మలు. రేవు, చర్చి, పెద్ద వీధి అందంగా ఉంటాయి. ఆ వీధిలో ఎవరున్నారో తెలియదు.

తాత, కొడుకు, మనవడు

విక్‌లో కథ వేరు. 1863లో అలెగ్జాండర్ జాన్‌స్టన్ అక్కడ ఫొటోల పని మొదలెట్టాడు. తర్వాత కొడుకు విలియం, ఆ తర్వాత మనవడు అలెక్స్. 1975 దాకా, 112 ఏళ్లు, మూడు తరాలు ఒకే ఊళ్లో.

తాత నాటికి గాజు పలక మీద కొలోడియన్ పోసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి కడగాలి. కొడుకు నాటికి పొడి ప్లేట్లు బజార్లో దొరికేవి. కెమెరా రేవు చుట్టూ తిరగగలిగింది. పీపాలు కట్టేవాళ్లు, చేపలు చీల్చేవాళ్లు, దుకాణాలు, పెళ్లిళ్లు, పిల్లలు ప్లేట్ల మీదకు వచ్చారు. బతుకుతెరువు కోసమే తీశారు. కాపీ కావాలని ఎవరైనా తిరిగొస్తారని నెగెటివ్‌లు దాచారు. ఆ లెక్కే చరిత్రకు కలిసొచ్చింది. హెర్రింగ్ వెలుగునూ, మొదటి ప్రపంచయుద్ధంతో జర్మనీ, రష్యా బజార్లు దెబ్బతిన్నాక రేవు ఖాళీ కావడాన్నీ ఒకే ఇల్లు చూసింది. బయటి నుంచి వచ్చినవాళ్లు దృశ్యాన్ని తీశారు; జాన్‌స్టన్‌లు ఇరుగుపొరుగును తీశారు.

వాళ్లు తీసినవి లక్ష దాకా ఉంటాయని అంచనా. సగం పోయాయి. మిగిలిన సుమారు యాభై వేలు విక్ సొసైటీ అనే స్థానిక సంఘానికి చేరాయి. ఊళ్లోని స్వచ్ఛంద కార్యకర్తలే వాటిని కాపాడుతూ బ్యాంక్ రో వీధిలోని తమ మ్యూజియంలో ప్రదర్శిస్తున్నారు.

ఫొటో చెప్పలేనివి

ఆ వీధికే మరో జ్ఞాపకం ఉంది. 1940 జూలై 1 సాయంత్రం జర్మన్ విమానం బ్యాంక్ రో మీద బాంబులు వేసింది. 15 మంది చనిపోయారు. వారిలో 8 మంది పిల్లలు. కూలిన ఇంటిని ఫొటో చూపగలదు. ఆ సాయంత్రం ఏ తల్లి ఎవర్ని కేకేసి పిలిచిందో చూపలేదు. అలాగే 1922 నుంచి 1947 దాకా ఓటు వేసుకుని మరీ విక్ మద్యం అమ్మకాన్ని మానేసింది. పాతికేళ్లు లేని సారా దుకాణాన్ని ఏ కెమెరా తీస్తుంది? ఇలాంటివి మనుషులే చెప్పాలి. విక్ సొసైటీ 'విక్ వాయిసెస్' పేరుతో ఊరివాళ్ల జ్ఞాపకాలను వాళ్ల గొంతుల్లోనే రికార్డు చేయడానికి కారణం ఇదే.

ఫొటో ముందు పుట్టింది, పేరు తర్వాత వచ్చింది, గొంతు చివర్లో చేరింది. ఈ మూడింటిలో ఎక్కువ కాలం నిలిచేది ఫొటోయే. తొందరగా పోయేవి పేరూ గొంతూ. గాజు ప్లేటును మరో నూరేళ్లు భద్రం చేయొచ్చు. అందులో పీపా పక్కన నిలబడ్డ అమ్మాయి ఎవరో చెప్పగలిగిన చివరి మనిషి పోతే ఆమె ఉట్టి 'చేపల పనమ్మాయి'గా మిగిలిపోతుంది.

మన బీరువాల్లోని పాత ఫొటోలకూ ఇదే వర్తిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లుండగానే వాటిని ఒక్కసారి బయటకు తీయండి. వెనక వైపు మెత్తటి పెన్సిల్‌తో ఊరు, సంవత్సరం, ఎడమ నుంచి కుడికి పేర్లు రాయండి. బాల్‌పెన్ను వద్దు, అచ్చు పడుతుంది.