సాగరగర్భాన అరిహంత్ – విజయనారాయణం నుండి పిలుపు

విరుదునగరం నుండి కోవిల్‌పట్టి మీదుగా కన్యాకుమారి వైపు సాగే జాతీయ రహదారిపై కయత్తారు ఉన్నది. 1799 అక్టోబరులో ఆంగ్లేయులు వీరపాండ్య కట్టబొమ్మనను ఉరితీసినది ఇక్కడనే. తెలుగు మూలాలు గల ఆ పాలెగాని పేరును భారత నౌకాదళం తిరునెల్వేలి జిల్లా విజయనారాయణంలోని తన కేంద్రానికి పెట్టుకొన్నది. 1990లో ప్రారంభమైన ఈ ఐఎన్ఎస్ కట్టబొమ్మన్‌లో యుద్ధనౌకలు లేవు, ఆకాశాన్నంటే స్తంభాలున్నాయి. సముద్రగర్భంలోని జలాంతర్గాములకు సందేశాలు పంపడమే దీని ముఖ్య విధి.

అటువంటి జలాంతర్గాములలో ప్రధానమైనది ఐఎన్ఎస్ అరిహంత్. ఇది విశాఖపట్నంలో నిర్మితమై 2009 జూలై 26న జలప్రవేశం చేసి, 2016లో నౌకాదళంలో చేరినది. దీని అణు రియాక్టరు సామర్థ్యం 83 మెగావాట్లు. దాని నమూనా రియాక్టరును ముందుగా తమిళనాడులోని కల్పాక్కంలో నడిపి పరీక్షించారు. డీజిల్ జలాంతర్గామి బ్యాటరీల ఛార్జింగు కొరకు తరచు పైకి రాక తప్పదు. అణుశక్తికి గాలి అక్కరలేదు గనుక అరిహంత్ నెలల తరబడి నీటిలోనే దాగి ఉండగలదు. అణ్వస్త్ర క్షిపణులను మోయగల ఈ నౌకకు ఆ మరుగే రక్ష.

అయితే ఉప్పునీరు సాధారణ రేడియో తరంగాలను ఉపరితలం వద్దనే హరించివేస్తుంది. 3 నుండి 30 కిలోహెర్ట్జుల అత్యల్ప పౌనఃపున్య తరంగాలు కొన్ని మీటర్ల లోతుకు చొచ్చుకొని పోగలవు. వీటి తరంగదైర్ఘ్యం 10 నుండి 100 కిలోమీటర్లు. అందుచేతనే అంత ఎత్తైన స్తంభాలు అవసరమైనాయి. ఈ మార్గాన కంఠస్వరం పోదు. చిన్న సంకేత సందేశాలు మాత్రమే నెమ్మదిగా చేరుతాయి. జలాంతర్గామి వాటిని వినగలదే గాని, అదే మార్గాన బదులు చెప్పలేదు.

భారతదేశం తాను ముందుగా అణ్వస్త్రం ప్రయోగించనని 2003లో ప్రకటించిన విధానంలో స్పష్టం చేసినది. ప్రతిదాడికి అనుమతి ఇవ్వవలసినది ప్రధానమంత్రి అధ్యక్షతన గల రాజకీయ మండలి మాత్రమే. ఆ ఆజ్ఞ అందని జలాంతర్గామి ఎంత బలమైనదైనా నిరుపయోగమే. ఆగుమన్న మాట అందకపోయినచో అది మరింత ప్రమాదకరం. కనుక నౌక ఎంత ముఖ్యమో, దానికి మాట చేరవేసే కేంద్రమూ అంతే ముఖ్యం.

ఇటువంటి రెండవ కేంద్రానికి తెలంగాణలోని వికారాబాద్ జిల్లా దామగుండంలో 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగినది. అక్కడి అడవికి నష్టం కలుగునని పర్యావరణవేత్తలు అభ్యంతరం తెలిపారు. విశాఖలో పుట్టిన నౌకకు దక్షిణాది మెట్టనేల నుండి వెళ్ళే ఆ పిలుపు మన చెవికి వినబడదు. కాని దేశరక్షణలో దాని స్థానం మిక్కిలి పెద్దది.