తరగని సముద్రమనుకున్నాం

సికింద్రాబాదులో కూర్చుని సముద్రపు చేపల చరిత్ర రాయడమేమిటని సభ్యమిత్రులు కొందరికి అనిపించవచ్చు. రాంగోపాల్‌పేట చేపల మార్కెట్టులో వంజరం ధర అడిగి మారుమాటాడకుండా వెనుదిరిగిన వారికి మాత్రం ఆ సందేహం రాకూడదు. పైగా నేను ఉద్యోగకాలంలో కొన్నేళ్ళు కోస్తా జిల్లాల్లో చేపల లెక్కల కాగితాలే రాశాను. ఆ అనుభవమూ, పదవీ విరమణ తరువాత తీరికగా చదివినదీ కలిపి ఈ వ్యాసం.

1883లో లండనులో జరిగిన మత్స్య ప్రదర్శనలో థామస్ హక్స్‌లీ అనే పేరుమోసిన శాస్త్రజ్ఞుడు, మహాసముద్రాల్లోని కాడ్, హెర్రింగ్ వంటి చేపలు మనిషి ఎంత పట్టినా తరగవన్నాడు. ఆనాటి తెరచాప పడవలను చూసి అన్న మాట అది. అదే దశకంలో ఆవిరి ట్రాలర్లు వచ్చాయి. గాలితో పని లేకుండా వల లాగడం మొదలైంది. 1954లో బ్రిటన్‌ నుంచి ‘ఫెయిర్‌ట్రై’ అనే ఓడ బయలుదేరింది. పట్టిన చేపను ఓడలోనే కోసి గడ్డకట్టించే తేలియాడే కర్మాగారమది. దాని వెంట రష్యా, జర్మనీ మొదలైన దేశాల ఓడలు కెనడా తీరాన న్యూఫౌండ్‌లాండ్ దగ్గర బారులు తీరాయి. దాదాపు అయిదువందల ఏళ్ళపాటు ఐరోపాకు తిండి పెట్టిన ఆ కాడ్ చేప చివరికి కరువైంది. 1992 జూలైలో కెనడా ప్రభుత్వం అక్కడ కాడ్ వేటను నిషేధించింది. సుమారు ముప్ఫైవేల మంది జీవనోపాధి ఒక్కసారిగా పోయింది. రెండేళ్ళకు ఎత్తివేస్తామనుకున్న ఆ నిషేధం 2024 దాకా సాగింది.

ఇక మన తీరం సంగతి. శ్రీకాకుళం మొదలు నెల్లూరు వరకు మనవాళ్ళవి కర్ర తెప్పలు, నావలు. వలలు నూలుతోను, జనపనారతోను అల్లినవి. చెట్టు బెరడు కషాయంలో నానబెట్టి ఎండబెట్టకపోతే కుళ్ళిపోయేవి. ఒడ్డున అలివివల లాగాలంటే ఊరు ఊరంతా తాడు పట్టుకోవాలి. పూర్వులు సముద్రాన్ని వివేకంతో కాపాడారని కొందరు రాస్తారు. నాకు అంత నమ్మకం లేదు. గాలి ఎదురైతే తెప్ప కదలదు, వల నానితే బరువెక్కుతుంది. చేప బతికిపోవడానికి ఆ రెండూ చాలు.

మార్పు కోసం ప్రయత్నం బ్రిటిషువారి నాడే మొదలైంది. 1907లో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ ఆధ్వర్యంలో మద్రాసు రాజధానిలో మత్స్య పరిశోధనకు ప్రత్యేక ఏర్పాటు జరిగింది. ఆ మరుసటి ఏడే ‘గోల్డెన్ క్రౌన్’ అనే ఆవిరి ట్రాలరు బంగాళాఖాతంలో వల వేసి చూసింది. అసలు మలుపు మాత్రం స్వాతంత్ర్యం వచ్చాకనే. 1952లో భారత్, నార్వే, ఐక్యరాజ్యసమితి ఒప్పందం చేసుకున్నాయి. దాని ఫలితంగా కేరళలో కొల్లం దగ్గర మరపడవలు, మంచు ఫ్యాక్టరీలు వచ్చాయి. ఉద్దేశం పేద మత్స్యకారునికి మేలు చేయడమే. కాని అంతలో రొయ్యకు విదేశాల్లో గిరాకీ పుట్టింది. డాలర్ల కోసం ట్రాలు వల తూర్పు తీరానికి కూడా వచ్చింది. నైలాను దారం రావడంతో వల కుళ్ళడమన్నదీ పోయింది.

ట్రాలు వలంటే పెద్ద సంచి. దాని మూతికి రెండు వైపులా బరువైన పలకలుంటాయి. పడవ ముందుకు పోతుంటే ఆ పలకలు మూతిని తెరిచి ఉంచుతాయి, సంచి సముద్రపు అడుగును గీకుతూ వస్తుంది. కావలసింది రొయ్య. దానితోబాటు నెత్తళ్ళు, టేకులు, పీతలు, చేపపిల్లలు, ఒక్కోసారి తాబేళ్ళు కూడా ఎక్కుతాయి. విశాఖపట్నం రేవులో ఒకప్పుడు వందకు పైగా పెద్ద రొయ్యల ట్రాలర్లుండేవి. అవి ఉత్తరాన బెంగాల్ వైపు శాండ్‌హెడ్స్ దాకా పోయేవి. చల్లటి గదిలో చోటు రొయ్యకే గనుక మిగిలిన చేపను చాలావరకు సముద్రంలోనే పారబోసేవారు. రొయ్య తగ్గాక ఆ ట్రాలర్లలో అనేకం మూలబడ్డాయి. చిన్న మరబోట్లు ‘చెత్తచేప’ను ఒడ్డుకు తెస్తాయి. అది ఎండి కోళ్ళ మేతకు, చేపల మేతకు పోతుంది. చేప ముట్టని ఇంట్లో కూడా కోడిగుడ్డు రూపంలో సముద్రం ప్రవేశిస్తుందని మా శ్రీమతితో అంటే ఆమెకు నచ్చలేదు!

ఇక్కడ నా గుమాస్తా బుద్ధికి తోచిన ఒక మాట చెప్పాలి. నా బల్ల మీదకు వచ్చిన నెలవారీ నివేదికల్లో ఎన్ని టన్నులు, ఎంత విలువ అన్న గడులుండేవి. ఆ టన్నుల కోసం ఎంత దూరం పోయారు, ఎన్ని రోజులున్నారు, చేప జానెడా బెత్తెడా అన్నదానికి గడి లేదు. శాస్త్రజ్ఞులు వేరుగా కొలిచేవారు, నిజమే. సమీక్షా సమావేశానికి వెళ్ళేది మాత్రం ఈ పేజీయే. దగ్గర చేప తగ్గితే పెద్ద ఇంజను వేసుకుని దూరం పోతారు, మొత్తం పెరుగుతుంది. పెద్ద చేప తగ్గితే వల కన్ను చిన్నది చేస్తారు, మొత్తం మళ్ళీ పెరుగుతుంది. అలా లోటు లాభంలా కనిపిస్తుంది. 1950 ప్రాంతంలో దేశమంతటా సముద్రపు చేప సుమారు అయిదు లక్షల టన్నులు. 2012లో 39 లక్షలు దాటింది. 2023లో సుమారు 35 లక్షలు. ఈ మధ్యకాలంలో పడవల బలం ఎంత పెరిగిందో వేరే చెప్పనక్కరలేదు. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో ప్రథమమని పత్రికల్లో చదివి కొందరు సముద్రం బాగానే ఉందనుకుంటారు. అందులో ఎక్కువ భాగం చెరువుల చేప. ప్రపంచంలో మితిమీరిన వేటకు గురైన చేపల నిల్వలు 1974లో పదింట ఒకవంతయితే, 2021 నాటికి నూటికి 37 దాటాయని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ లెక్క.

ప్రభుత్వం చేసిందేమీ లేదనడం న్యాయం కాదు. 1991 నాటి విధానంలో విదేశీ ఓడలకు దారి తెరిచినప్పుడు దేశమంతటా మత్స్యకారులు సమ్మె కట్టారు. మురారి సంఘం 1996లో ఆ అనుమతులు వద్దని చెప్పింది. 1994 నాటి మన రాష్ట్ర చట్టం కింద తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపలి సముద్రం సంప్రదాయ పడవలదే. అక్కడ గీత గీసి చూపేవారెవరు, రాత్రివేళ కాపలా కాసేవారెవరు అన్నది వేరే ప్రశ్న. చేప గుడ్లు పెట్టే కాలంలో వేట నిషేధం కూడా ఉంది. తూర్పు తీరాన మొదట ఏప్రిల్ 15 నుంచి మే నెలాఖరు వరకు ఉండేది. 2015 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు. మన మృగశిర కార్తె సరిగ్గా ఈ నిషేధంలోనే వస్తుంది. ఆ రోజు మార్కెట్టులో బొచ్చె, రవ్వ, కొర్రమీను కోసం తొక్కిసలాడే జనంలో ఎందరికి ఇది తెలుసో! ఆ రెండు నెలలకు మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతిని 2019లో పదివేలు, 2025లో ఇరవైవేలు చేశారు.

ఇంత చేసినా తగవు తీరలేదు. 2022 జనవరిలో విశాఖలో జాలారిపేట, వాసవానిపాలెం వాళ్ళ మధ్య రింగు వల గురించి గొడవ జరిగి పడవలు తగలబడ్డాయి. రింగు వల చేపల గుంపును చుట్టుముట్టి, అడుగు తాడు లాగగానే డబ్బుసంచిలా మూసుకుంటుంది. గుంపు గుంపంతా ఒక్కరికే దక్కుతుంది, పక్కన చిన్న వల వేసినవాడికి ఏమీ మిగలదు. ఇరుపక్షాలూ మత్స్యకారులే కావడం ఇందులో బాధాకరమైన విషయం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వేలమంది గుజరాత్ వెళ్ళి వెరావల్ రేవులో ట్రాలర్ల మీద కూలీలుగా చేరుతున్నారు. సొంత తీరాన సరైన రేవు లేకపోవడం దీనికి ఒక కారణం, చిన్న పడవకు చేప గిట్టకపోవడం మరొకటి. 2018 నవంబరులో అలా వెళ్ళినవారు పాకిస్తాన్ జలాల్లో పట్టుబడ్డారు. వారిలో ఇరవైమంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇల్లు చేరారు. అదే సంవత్సరం ఏప్రిల్ నెలాఖరులో, లాక్‌డౌన్ వేళ గుజరాత్ రేవుల్లో చిక్కుకున్న మన మత్స్యకారులను బస్సుల్లో వెనక్కి తీసుకురావలసి వచ్చింది. నాలుగువేల మంది వరకు వచ్చారు.