ధాత కరువు – వలస

కరువును దైవికమనీ, వలసను కర్మఫలమనీ చెప్పుకోవడం మనకు పాత అలవాటే. ఇప్పుడు ఆ దైవం పీటమీద 'వాతావరణ మార్పు'ను కూర్చోబెట్టే ధోరణి ఒకటి బయలుదేరింది. భూతాపం కఠోర వాస్తవం. దాన్ని ఎవరూ కాదనలేరు. కాని వాన తప్పడానికీ, మనిషి ఊరు విడవడానికీ మధ్య ఒక సమాజం ఉంది. ఆ సమాజాన్ని వదిలేసి వలసను అర్థం చేసుకోలేం.

జనం ధాత సంవత్సరం పేరుతో గుర్తుంచుకున్న 1876–78 నాటి కరువునే తీసుకుందాం. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీకి నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ ముఖం చాటేశాయి. పసిఫిక్ జలాలు వేడెక్కగా పుట్టిన ఎల్‌నినో ఆ కరువును తీవ్రం చేసిందని నేటి శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఆ వేడి మానవకృతం కాదు. మరణాలు మాత్రం చాలావరకు మానవకృతమే.

వాన అందరికీ తప్పింది. తిండి అందరికీ తప్పలేదు. ధాన్యం ధరల జోలికి పోరాదన్నది వైస్రాయి లిట్టన్ నీతి. జనం చస్తున్నా దేశం నుంచి గోధుమల ఎగుమతి ఆగలేదు. 1877లో వచ్చిన రిచర్డ్ టెంపుల్, సహాయపు పనుల్లో మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. ఆ తిండితో శ్రమజీవి బతకడని డాక్టర్ కార్నిష్ పోరాడిన తరువాతే కూలి పెరిగింది.

భూమిలేని కూలీ, కొనేవాడు లేని నేతగాడు ముందుగా దారిన పడ్డారు. కొందరు మద్రాసు నగరానికి నడిచారు. తమిళ జిల్లాలవాళ్ళు వేలాదిగా సింహళంలోని తోటలకు ఓడలెక్కారు. కర్నూలు జిల్లా జనాభా 1871లో తొమ్మిది లక్షలకు పైన ఉండగా, 1881 నాటికి ఏడు లక్షలలోపుకు పడిపోయింది. అందులో చచ్చినవారెందరో, వెళ్ళిపోయినవారెందరో ఆ లెక్క విడదీసి చెప్పదు.

నేడు ఆదోని, కోసిగి ప్రాంతాల కుటుంబాలు గుంటూరు మిరప చేలకు తరలిపోతున్నాయి. బడిపంతులుకు ఆ వలస హాజరుపట్టీలోనే కనబడుతుంది. వేడెక్కుతున్న భూమి ఈ వలసను పెంచవచ్చు. కాని ఎవరు వెళతారో, ఎవరు నిలుస్తారో తేల్చేది భూమి, నీరు, అప్పు.

'వాన లేదు' అన్నది సగం జవాబు. ఆ సగం దగ్గరే ఆగిన రచన కన్నీరు పెట్టించవచ్చు. దోషిని మాత్రం చూపించలేదు. మిగతా సగాన్ని రాయడమే అభ్యుదయ రచయిత బాధ్యత.