డాట్ డెవ్: పేరులోనే తాళం

మన ఇళ్లలో సాఫ్ట్‌వేర్ వాళ్లకు కొదవ లేదు కదా, అందుకే ఈ పూట డాట్ డెవ్ కథ చెబుతాను.

డెవ్ అంటే డెవలపర్. ఆ పేరు ఎవరికీ చెందని రోజుల్లో ప్రోగ్రామర్లు చాలామంది తమ కంప్యూటర్లలో పరీక్షలకు దాన్ని వాడుకునేవారు. 2014లో అది గూగుల్ చేతికి వచ్చింది. 2017 డిసెంబరులో వచ్చిన క్రోమ్ 63, డాట్ డెవ్ పేర్లను హెచ్‌టీటీపీఎస్‌లో తప్ప తెరవనంది. ఎందరి పరీక్షా సైట్లో ఆగిపోయాయి. ఇలాంటి పనులకని 1999లోనే కేటాయించిన డాట్ టెస్ట్ అప్పుడు గుర్తొచ్చింది. 2019 ఫిబ్రవరి 28న డాట్ డెవ్ అందరికీ అమ్మకానికి వచ్చింది.

ఈ పద్ధతి నాకు నచ్చింది. తాళం మరిచిపోయే వీలే లేదు. కానీ ఆ తాళం దారి దొంగల నుంచే కాపాడుతుంది, ఇంటాయన మంచివాడని పూచీ ఇవ్వదు. పిల్లలకు ఈ తేడా చెప్పండి. సెలవు.